నూటికి ఒక పాలు

అడిగినవాడికి చెప్పకుండా ఉండలేకపోవడం మేడిశెట్టి భాస్కరానికి ఉన్న ఒకే ఒక్క జబ్బు. మందు లేని జబ్బు. సామర్లకోట దగ్గర ఉన్న ప్రభుత్వ చెప్పుల ఫ్యాక్టరీలో ఆయన కెమిస్టు. మిక్సింగు గదిలో పొడులు తూచడం, ముద్ద కలపడం, అది సరిగ్గా పొంగిందో లేదో చూడటం ఆయన పని. ఆ గదిలోకి దారి తప్పి వచ్చి 'ఇదేంటండీ' అన్నవాడు అరగంట దాకా బయటపడిన దాఖలా లేదు. పోస్టుమాన్‌కి కూడా రసాయనశాస్త్రం ఎంతో కొంత వచ్చేసింది.

ఇంట్లో భార్య ఎన్నోసార్లు చెప్పింది, "ఎవరైనా అడిగితే ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోండి" అని. ఒక్క ముక్కలో చెప్పే విద్య ఆయనకి పట్టుబడలేదు. దాని ఫలితం ఫ్యాక్టరీలోని నూటపన్నెండుమందీ అనుభవించారు.

ఏప్రిల్ మొదటి వారంలో కొత్త మేనేజింగ్ డైరెక్టరు విశ్వమోహన్ గారు వచ్చారు. అంతకుముందు ఆయన చేపల శాఖలో ఉండేవారు, దానికి ముందు గ్రంథాలయాల్లో. ఎక్కడికి వెళ్ళినా మొదటి రోజే డైరీ పట్టుకుని నాలుగు మూలలా తిరిగి, సిబ్బంది దగ్గర నేర్చుకుంటానని చెప్పేవారు. అంతటితో ఆగితే బాగానే ఉండేది. నేర్చుకున్నదాన్ని అమలు చెయ్యడం కూడా ఆయన అలవాటు.

మిక్సింగు గదిలో త్రాసు మీద గిన్నెడు తెల్లటి పలుకులు చూసి ఆగారు.

"ఇదేమిటి? పటికా?"

"కాదు సార్, పెరాక్సైడ్" అన్నాడు భాస్కరం. ఒక్క ముక్కలో అయిపోయింది. భార్య చూస్తే సంతోషించేది. కానీ ఎండీ గారు ఇంకో ప్రశ్న వేశారు. "ఏం చేస్తుంది?"

ఇక భాస్కరాన్ని ఆపడం ఎవరి తరం?

"సార్, మనం చెప్పుకి వాడే ప్లాస్టిక్ ఉంది చూశారూ, అది ఉడికించిన సేమ్యా లాంటిది. పొడుగు పొడుగు పోగులు. ఒకదాని పక్కన ఒకటి పడుకుని ఉంటాయి. దేని దారి దానిది. వేడి తగిలితే ఒకదాని మీంచి ఒకటి జారిపోతాయి. ఈ పొడి ఏం చేస్తుందంటే, ప్రెస్సులో వేడికి విడిపోయి, ఈ పోగుకీ ఆ పోగుకీ మధ్య అడ్డంగా ముడి వేస్తుంది. ముడి పడ్డాక ఎండలో నడిచినా, బరువు మోసినా జారడం ఉండదు. ఇది వెయ్యకపోతే షీటు పొంగినట్టే పొంగి అట్టులా చప్పబడిపోతుంది."

ఎండీ గారి కళ్ళు మెరిశాయి. "అంటే ఎవరికి వారుగా ఉన్నవాళ్ళని కలిపి బలంగా చేస్తుందన్నమాట."

"అలాగే అనుకోవచ్చు సార్."

"అద్భుతం" అని ఎండీ గారు డైరీలో గబగబా రాసుకుని, డైరీ మూసి, పెన్నుకి టోపీ పెట్టారు.

"నూటికి ఒక పాలు సార్. ఒకే ఒక్క పాలు. మించితే బిరుసెక్కి విరిగిపోతుంది" అన్నాడు భాస్కరం. కానీ అప్పటికే ఎండీ గారు గుమ్మం దాటేశారు. ఈ చివరి వాక్యం డైరీలోకి ఎక్కలేదు. ఈ కథంతా ఆ ఎక్కని వాక్యం వల్ల వచ్చిందే.

వారం తిరక్కుండా నోటీసు బోర్డు మీద ఉత్తర్వు వెలిసింది. ఉత్తర్వులు రాయడం పరిపాలనాధికారి సోమయాజులు గారి పని. ఆయన నోటితో మామూలు తెలుగు మాట్లాడినా కలం పట్టుకుంటే మాత్రం తాతగారు పూనేవారు.

'సంస్థయందలి ఉద్యోగులు విడివిడి పోగులవలె నుండుట గమనింపబడినది. కావున ప్రతి ఉద్యోగియు అన్య విభాగములకు చెందిన ఇరువురితో అడ్డబంధము కలిగియుండవలెను. ఇకమీదట అడ్డబంధువుల సంతకములు లేని ఏ కాగితమును చెల్లనేరదు.'

భాస్కరానికి అడ్డబంధువులుగా క్యాంటీన్ చూసుకునే వీరవేణి, గేటు దగ్గర సెక్యూరిటీ ఏసుపాదం పడ్డారు.

సరిగ్గా అప్పుడే పెరాక్సైడ్ అయిపోవచ్చింది. ఇంకొక్క అట్టపెట్టె కావాలి. ఇరవై కిలోలు. సంక్షేమ హాస్టళ్ళ పిల్లలకి ఆరువేల జతల చెప్పులు జూన్ పన్నెండున, బళ్ళు తెరిచే రోజుకి అందాలి.

ఆ ఆరువేల జతల మీద భాస్కరానికి పట్టుదల ఉంది. కిందటేడు ఎండలకి స్టోరులో ఉన్న పెరాక్సైడ్ సత్తువ పోయింది. ఆ సంగతి ఆయన ఆలస్యంగా కనిపెట్టాడు. ఆ జతలు వేసుకున్న పిల్లల కాళ్ళు తారు రోడ్డుకి అంటుకుపోయాయి, చాలామంది చెప్పులు రోడ్డు మీదే వదిలేసి ఉత్తకాళ్ళతో బడికి పోయారు. భాస్కరం కూడా హాస్టల్లో చదువుకున్నవాడే. మే నెల రోడ్డు మీద ఉత్తకాళ్ళతో నీడ నుంచి నీడకి గెంతడం అంటే ఏమిటో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. ఆ సంగతి తలుచుకుంటే సిగ్గుతో తల వాలిపోయేది. ఈ ఏడు ఒక్క జత కూడా అంటుకోకూడదని మనసులో ఒట్టు పెట్టుకున్నాడు.

కొనుగోలు కాగితం రాసుకుని క్యాంటీన్‌కి వెళ్ళాడు. వీరవేణి కళ్ళజోడు పెట్టుకుని కాగితం రెండువైపులా చూసింది. పాతికేళ్ళుగా క్యాంటీన్‌లో సరుకుల చీటీల్లో కోత పెడుతున్న చెయ్యి ఆమెది.

"ఇరవై కేజీలెందుకు బాబూ? పదితో సరిపెట్టేయకూడదా?"

"ఇది కందిపప్పు కాదు అక్కా, నీళ్ళు పోసి పెంచడానికి."

"అందరూ అలాగే అంటారు. నేను కొట్టేస్తే సరిపోతాది. ఏం, మొన్న ఉల్లిపాయలు సరిపోలా?"

అరగంట చెప్పాక సంతకం పెట్టింది. గేటు దగ్గర ఏసుపాదం పెట్టె మీద ఏం రాసుంటుందని అడిగాడు. వేడికి దూరంగా ఉంచాలి, మంట తగలకూడదు అని రాసుంటుందని భాస్కరం నిజం చెప్పాడు. ఆయనకి అబద్ధం చెప్పడం కూడా రాదు.

"అగ్గిపెట్టినే లోపలికి రానివ్వనండి నేను. దీన్నెలా రానిత్తానండీ?" అన్నాడు ఏసుపాదం.

"అది లేకపోతే ఈ ఫ్యాక్టరీ ఎందుకయ్యా?"

"అది నన్నడక్కండి. నాది గేటు."

రెండు రోజులు పట్టింది ఏసుపాదం సంతకానికి. రెండు సంతకాలూ పట్టుకుని భాస్కరం ఆఫీసుకి పరిగెత్తేసరికి సోమయాజులు గారు నింపాదిగా చెప్పారు, "నిన్న సాయంత్రం నుంచి అడ్డబంధువులు నలుగురయ్యారండీ. ఇంకో ఇద్దరిని పట్టుకురండి."

నలుగురు ఎందుకయ్యారంటే, పక్క జిల్లాలో కొబ్బరిపీచు సంస్థ ఒకటుంది. వాళ్ళు మన పథకం గురించి విని ముగ్గురేసి అడ్డబంధువుల్ని పెట్టుకున్నారు. హైదరాబాదు ప్రధాన కార్యాలయంలో దీనికి మార్కులు వేస్తున్నారు. బంధ సాంద్రత అని ఒక పట్టిక పెట్టారు. పట్టికలో కొబ్బరిపీచు పైన ఉంది. ప్లాస్టిక్ పోగు కన్నా కొబ్బరి పోగు ముందుండటం ఎండీ గారికి నచ్చలేదు. మనం నలుగురం అన్నారు. వాళ్ళు అయిదుగురు అన్నారు. మనం ఎనిమిది అన్నాం.

మే నెలలో సెలవు నిబంధన వచ్చింది. ముడిపడ్డ పోగులు కలిసే కదులుతాయి కాబట్టి, ఒకరు సెలవు పెడితే వారి అడ్డబంధువులందరూ అదే రోజు సెలవు పెట్టాలి. పదకొండో తేదీన పెద్దాపురంలో వీరవేణి అక్క కూతురి పెళ్ళి. ఆమె సెలవు పెట్టింది. ఆమెకి ముడిపడ్డ ఎనిమిదిమందీ పెట్టారు. ఆ ఒక్కొక్కరికీ ముడిపడ్డ ఎనిమిదేసిమందీ పెట్టారు. వాళ్ళకి ముడిపడ్డవాళ్ళూ పెట్టారు. ఉదయం తొమ్మిదికి ఫ్యాక్టరీలో ఎండీ గారు, ఒక పిల్లి మిగిలారు.

నూటపదకొండు మంది సెలవు పెట్టి ఎక్కడికి పోతారు? ఎలాగూ ఖాళీయే కదా అని ఫ్యాక్టరీ బస్సు వేసుకుని పెళ్ళికే పోయారు. పందిట్లోకి మగపెళ్ళివారికన్నా ముందు వీళ్ళు దిగారు. మొదటి బంతికే పులిహోర అయిపోయింది. రెండో బంతికి గుత్తివంకాయ. వీరవేణి అక్క మొహంలో కత్తి వేటుకి నెత్తురు చుక్క లేదు.

"వీళ్ళందరూ ఎవరే?"

"నా అడ్డబంధువులే" అంది వీరవేణి తల పట్టుకుని. "నన్ను కొట్టకే. ఆర్డరు."

మగపెళ్ళివారికి రాత్రి వరకు ఉప్మాయే గతి అయింది. ఆ అక్కచెల్లెళ్ళ మధ్య మాటలు ఇప్పటికీ అంతంత మాత్రమే.

కొబ్బరిపీచు సంస్థ పన్నెండుకి చేరింది. అప్పుడు విశ్వమోహన్ గారు ఇక ఎవరూ దాటలేని ఎత్తు వేశారు. 'సంపూర్ణ బంధనం'. ప్రతివారూ ప్రతివారికీ అడ్డబంధువే. తాను బయట ఉంటే నూటికి నూరు రాదని తనని కూడా అందులో కలుపుకున్నారు. ప్రతి కాగితానికీ నూటపదకొండు సంతకాలు. దానికి సోమయాజులు గారు తమ వంతుగా ఒక వాక్యం చేర్చారు. కొందరు చూడకుండా సంతకం చేస్తున్నారని ఆయన బాధ.

'ఏ ఉద్యోగియైనను తన అడ్డబంధువులు సంతకము చేసియున్నట్లు రూఢి పరచుకొనిన పిమ్మటనే తాను సంతకము చేయవలెను.'

భాస్కరం ఈ వాక్యం మూడుసార్లు చదివాడు. తన కొనుగోలు కాగితం తీసుకుని సోమయాజులు గారి బల్ల ముందు నిలబడ్డాడు.

"మీరు సంతకం పెట్టండి సార్."

"మిగతావారు పెట్టాక పెడతాను."

"వాళ్ళూ మీరు పెట్టాకే పెడతారట."

"సబబే. నియమం అదే కదా."

"మరి మొదటి సంతకం ఎవరు పెట్టాలి సార్?"

సోమయాజులు గారు కలం కింద పెట్టి చాలాసేపు పైకప్పు కేసి చూశారు. "మంచి ప్రశ్న. మొదటి సంతకం ఎవరు చేయవలెనో తేల్చడానికి ఒక సంఘం వెయ్యాలి. ఆ సంఘం వేసే ఉత్తర్వు మీద..." అని ఆగిపోయారు. మనిషి తన వాక్యంలో తానే ఇరుక్కోవడం భాస్కరం కళ్ళారా చూడటం అదే మొదలు.

ఆ రోజు నుంచి ఫ్యాక్టరీలో కాగితం అన్నది కదల్లేదు. మే ఇరవైన టీపొడి అయిపోయింది. టీపొడి కాగితం కూడా కాగితమే. వీరవేణి గ్లాసులు బోర్లించి కూర్చుంది. ప్రెస్సులు చల్లబడిపోయాయి. భాస్కరం రోజూ పొద్దున్నే ఖాళీ డబ్బా మూత తీసి చూసి, మళ్ళీ పెట్టేవాడు. జూన్ పన్నెండుకి ఇరవై మూడు రోజులు, ఇరవై రెండు, పద్దెనిమిది.

ఆగలేక ఎండీ గారి దగ్గరికి వెళ్ళాడు. ఫ్యాక్టరీ మొత్తానికి ఏసీ ఉన్నది ఆ గదిలోనే.

"ఏమీ కదలడం లేదు సార్" అన్నాడు.

"అదే కదా నువ్వు నాకు చెప్పిన బలం. లాగినా జారడం లేదు" అన్నారు ఎండీ గారు ప్రేమగా. "చూడు, నెల రోజులుగా ఒక్క ఫిర్యాదు లేదు."

ఫిర్యాదు చెయ్యాలన్నా నూటపదకొండు సంతకాలు కావాలి. భాస్కరం ఆ మాట అనబోయి, మళ్ళీ దాని మీద కొత్త ఉత్తర్వేదైనా పుడుతుందేమోనని నోరు మూసుకున్నాడు.

మే ఆఖరున హైదరాబాదు నుంచి కబురు వచ్చింది. రాష్ట్రంలో ఒక్క ఫిర్యాదు కూడా నమోదు కాని ఏకైక సంస్థగా మన ఫ్యాక్టరీకి ప్రశంసాపత్రం. ఈ పథకాన్ని రాష్ట్రమంతా వ్యాపింపజేయడానికి విశ్వమోహన్ గారికి ప్రధాన కార్యాలయంలో పెద్ద పదవి. సోమవారం ఉదయం పదింటికల్లా చేరాలి. చేరకపోతే ఆ కుర్చీ కొబ్బరిపీచు ఎండీ గారికి వెళ్ళిపోతుంది.

శుక్రవారం మధ్యాహ్నం సోమయాజులు గారు రిలీవింగ్ కాగితం తయారు చేసి, రెండు చేతులతో ఎండీ గారి ముందు పెట్టి, వినయంగా నిలబడ్డారు.

"సంతకాలు పడలేదేం?"

"తమరిని విడుదల చేయుటకు తమ అడ్డబంధువులు నూటపదకొండుగురు సంతకం చెయ్యాలండీ. మొదటివారు ఎవరన్నది ఇంకా తేలలేదు."

"అయితే ఆ ఉత్తర్వు రద్దు చెయ్యండి."

"రద్దు ఉత్తర్వు కూడా ఉత్తర్వే కదండీ" అన్నారు సోమయాజులు గారు. ఆయన గొంతులో వ్యంగ్యం లేదు. నిజంగానే దుఃఖం ఉంది.

ఎండీ గారు నేరుగా మిక్సింగు గదికి వచ్చారు. ఈసారి చేతిలో డైరీ లేదు. స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"భాస్కరం, ఆ పోగులకి ముడి వేసే సంగతి చెప్పావు. విప్పే సంగతి చెప్పలేదే."

"మీరు అడగలేదు సార్. విప్పడం కుదరదు."

"వేడి చేస్తే?"

"మాడుతుంది గానీ కరగదు. ఒకసారి ముడి పడ్డాక అంతే." భాస్కరం అలమర మీంచి ఒక పాత షీటు ముక్క తీశాడు. "ఇది చూడండి. నాలుగేళ్ళ కిందట పొరపాటున నూటికి నాలుగు పాళ్ళు పడింది. ఇంత గట్టి షీటు మా ఫ్యాక్టరీలో ఇంకోటి లేదు." రెండు చేతులతో కొంచెం వంచాడు. అప్పడం విరిగినట్టు ఫట్‌మని విరిగింది. "మొదటి రోజే చెప్పాను సార్, నూటికి ఒక పాలే అని. మీరు పెన్నుకి టోపీ పెట్టేశారు."

ఎండీ గారు ఆ రెండు ముక్కలూ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. "ఇలా అయితే మీరేం చేస్తారు?"

"పక్కన పారేసి కొత్త ముద్ద మొదలెడతాం. ఎవరో ఒకరు నియమం తప్పి మొదటి సంతకం పెట్టెయ్యాలి సార్."

"నియమం పెట్టినవాణ్ణి నేనే తప్పితే? ఎవరైనా పైకి రాస్తే?"

"రాయలేరు సార్. ఫిర్యాదుకి కూడా నూటపదకొండు కావాలి."

విశ్వమోహన్ గారి మొహం మీదికి ఆ రోజు మొదటిసారి నవ్వు వచ్చింది. తన పథకంలో ఇంత లాభం ఉందని ఆయనకి అప్పటిదాకా తట్టలేదు. జేబులోంచి పెన్ను తీశారు.

భాస్కరం పదమూడేళ్ళ సర్వీసులో అధికారితో బేరం ఆడి ఎరగడు. అయినా రిలీవింగ్ కాగితం మీద తన కొనుగోలు కాగితం పెట్టాడు.

"మీది పెద్ద కాగితం సార్. ముందు ఈ చిన్నదాని మీద పెట్టి చూద్దాం. నియమం తప్పడం మీకు కొత్త కదా, చెయ్యి అలవాటు పడుతుంది."

ఎండీ గారు తలెత్తి చూశారు. పెట్టారు.

మొదటి సంతకం పడ్డాక మిగతావి పడటానికి గంటన్నర పట్టింది. వీరవేణి ఇంటి నుంచి టీపొడి తెప్పించి, క్యాంటీన్ గుమ్మంలో బల్ల వేసుకుని కూర్చుంది. రెండు కాగితాల మీదా సంతకం పెట్టినవాడికే గ్లాసు. వారం పైగా టీ చుక్క ఎరగని జనం తోసుకుంటూ వచ్చి పెట్టారు. సోమయాజులు గారు వరసలో నిలబడి రెండు గ్లాసులు తాగారు. ఏసుపాదం అన్నిటికన్నా ఆఖర్న పెడుతూ, "పెట్టె లోపలికి రానిత్తాను గానండి, ఎండలో మటుకు పెట్టనివ్వను" అన్నాడు. ఆ నెలన్నరలో ఫ్యాక్టరీలో ఎవరైనా అన్న తెలివైన మాట అదొక్కటే.

సోమవారం విశ్వమోహన్ గారు హైదరాబాదులో చేరారు. ఒకసారి తప్పిన నియమాన్ని ఆ తర్వాత ఎవరూ పట్టించుకోలేదు. మంగళవారం పెట్టె వచ్చింది. బయట నలభై రెండు డిగ్రీల ఎండ. చల్లటి చోటు ఒక్కటే ఉంది కాబట్టి పెట్టెని తీసుకెళ్ళి ఎండీ గారి గదిలో, బల్ల మీదే పెట్టారు. ఆ బల్ల మీద పనికొచ్చే వస్తువు కనిపించి చాలా కాలమైందని వీరవేణి అంది.

మూడు షిఫ్టులూ నడిచాయి. ప్రెస్సు తెరవగానే షీట్లు పూరీల్లా పొంగి బయటికి గెంతాయి. భాస్కరం ప్రతి బ్యాచీ నుంచి ఒక ముక్క తీసి, మధ్యాహ్నం తారు రోడ్డు మీద పెట్టి, దాని మీద తనే నిలబడి, ఎత్తి చూశాడు. ఒక్కటీ అంటుకోలేదు.

ఈలోగా కొత్త ఎండీ గారు వచ్చారు. ఆయన పాడిపరిశ్రమ నుంచి వచ్చారు. గదిలోకి అడుగు పెట్టగానే బల్ల మీద అట్టపెట్టె చూశారు. భాస్కరాన్ని పిలిపించారు. చేతిలో సరికొత్త డైరీ.

"ఏమిటిది? ఏం చేస్తుంది?"

భాస్కరం నోరు తెరిచాడు. సేమ్యా నాలుక చివరిదాకా వచ్చింది. కాఫీ ఇవ్వడానికి వచ్చిన వీరవేణి ఆయన కాలు గట్టిగా తొక్కింది.

"ఏమో సార్" అన్నాడు భాస్కరం. "మా పెద్దవాళ్ళు వేసేవారు. మేమూ వేస్తున్నాం."

కొత్త ఎండీ గారు నిరుత్సాహంగా డైరీ మూశారు. భాస్కరం వరండాలోకి వచ్చి స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. తెలిసిన సంగతి తెలియదని చెప్పడం ఆయన జన్మలో అదే మొదలు.

జూన్ పన్నెండున చెప్పుల లారీలో డ్రైవరు పక్కన కూర్చుని తనే హాస్టళ్ళకి వెళ్ళాడు. ఆఖరి హాస్టల్లో పిల్లలు వరసగా వచ్చి జతలు తీసుకుంటున్నారు. ఆరో తరగతి పిల్ల ఒకతి చెప్పు వేసుకోకుండా అటూ ఇటూ తిప్పి, నొక్కి, వాసన చూసింది.

"పోయినేడు చెప్పులు రోడ్డుకి అంటుకుపోయాయండి. ఇయ్యి అంటుకోవా?"

"అంటుకోవమ్మా."

"ఎందుకంటుకోవు?"

భాస్కరం చుట్టూ చూశాడు. వార్డెను పుస్తకంలో పేర్లు టిక్కులు పెట్టుకుంటోంది. డైరీ పట్టుకున్నవాళ్ళు దరిదాపుల్లో ఎవరూ లేరు. మెట్టు మీద దుమ్ము దులిపి కూర్చుని, పక్కన చోటు చూపించాడు. ఆ పిల్ల కూర్చుంది.

"ముందు ఒక్కటి గుర్తు పెట్టుకో. నూటికి ఒక పాలే. మరిచిపోవు కదా?"

"మరిచిపోనండి."

"అయితే విను" అన్నాడు భాస్కరం. "సేమ్యా ఎప్పుడైనా తిన్నావా?"